ఏడో సంతకం

12 జూన్ 2006, సోమవారం

పోస్ట్‌మన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. సుమిత్ర పేరు మీద ఉంది. నేను సంతకం చేసి తీసుకుంటానంటే కుదరదన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు పటాన్‌చెరు బడిలో పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగి, ఈ చుట్టుపక్కల సగం మంది సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టినదాన్ని. మనవరాలి కవరు మీద మాత్రం నా సంతకం చెల్లదట. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ అదే తెచ్చుకుంది.

గడ్డపోతారం మందుల కంపెనీ తరఫు వకీలు నోటీసు. మా 'గంట' మోగనందువల్ల మే ఇరవై మూడున వాళ్ల యాసిడ్ ట్యాంకు పొంగిందట. మొగులయ్య అనే కూలీ కాళ్లు కాలాయి. సరుకు పాడైంది. నష్టం ఇరవై రెండు లక్షలు. సుమిత్ర, ఖయ్యూం "మరియు ఇతరులు" పదిహేను రోజుల్లో కట్టాలి.

గంట అంటే ఏమిటో నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. కానీ నోటీసులో దాన్ని గురించి రాసింది చదివాక నాకే అనుమానం వచ్చింది, అందుకని రాసిపెడుతున్నాను. ట్యాంకు మీటరు నుంచి అంకెలు తీసుకొని, నూటికి ఎనభై వంతులు నిండగానే బజరు కొట్టించే కంప్యూటర్ ప్రోగ్రాం. సుమిత్ర, ఖయ్యూం, ఇంకో నలుగురు స్నేహితులు ఇస్నాపూర్ నెట్ సెంటర్లో కూర్చొని రెండేళ్లు రాశారు. తెర మీది తెలుగు నాది, కూలీలు చదవాలి కదా. మొత్తం ఏడుగురం. దాని లోగుట్టంతా ఇంటర్నెట్‌లో విప్పి పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు. తలుపులు తీసి విస్తరి వేసినట్టు. తిన్నవాడు నోటీసు పంపుతాడని ఎవరికి తెలుసు?

"నాయినమ్మా, ఇతరులు అంటే ఎవరు?" అంది సుమిత్ర.

"వాళ్లకు పేర్లు తెలువనోళ్లు," అన్నాను.

13 జూన్

కుళాయి నీళ్లు ఇవాళా పసుపే. ఈ కంపెనీల మీద నోటీసు పంపడానికి ఎవరికీ వకీలు దొరకడు.

15 జూన్, గురువారం

సంగారెడ్డి వెళ్లాం. నేను, సుమిత్ర, ఖయ్యూం. ఖయ్యూం ఆ కంపెనీలోనే మీటర్ల మెకానిక్కు. గంటను అక్కడ పెట్టింది వాడే. పై వాళ్లు పెట్టమంటేనే పెట్టాడు. ఇప్పుడు సస్పెండ్ చేశారు, పోలీసులకు కూడా వాడి పేరే ఇచ్చారు.

వకీలు రామలింగేశ్వరరావు గారిది గుంటూరు వైపు. ఇరవై ఏళ్లుగా సంగారెడ్డి కోర్టు మెట్లెక్కుతున్నా మాటకు ఇక్కడి దుమ్ము అంటలేదు.

"మీ సంఘం రిజిస్టరైందా అమ్మా?"

సుమిత్ర నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"కాయితాలు తయారైతున్నయి సార్," అంది అది.

"అంటే కాలేదు. అయ్యుంటే దావా సొసైటీ మీద పడేది. పోతే దాని బీరువా, దాని కుర్చీ పోయేవి. రిజిస్టరు కాకపోతే చట్టం కంటికి సంఘమే లేదు, మనుషులే ఉన్నారు. ఎవరు దొరికితే వాళ్లని పట్టుకుంటారు."

"దొర్కింది మేమే," అన్నాడు ఖయ్యూం.

ఆయన లైసెన్సు కాగితాలు తిరగేశారు. ప్రోగ్రాంతో పాటు వెళ్లే షరతులు అవి. "ఇదిగో, పెద్దక్షరాల్లో ఉంది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ పూచీ లేదు, ఏ నష్టానికీ బాధ్యులం కాము. పైగా ఊరికే ఇచ్చారు. ఇది మనకి గొడుగు. ఎంత గాలికి ఆగుతుందో ఇక్కడి కోర్టుల్లో నేనైతే చూళ్లేదు. కానీ గొడుగు గొడుగే. ఒక్కటి చెప్పండి. దీనికి అడ్డంగా, పూచీ మాది అంటూ ఎవరైనా కాగితం రాసిచ్చారా?"

"లే సార్," అంది సుమిత్ర.

"ఇస్తే మాత్రం కష్టం. లేని సంఘం పేరు మీద సంతకం పెట్టడమంటే సొంత ఇంటి మీద పెట్టడమే."

ఖయ్యూం తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఆయన నన్ను అడిగారు. నాకు గుర్తున్నంతవరకు లేదన్నాను.

జవాబుకు నెలాఖరు దాకా గడువు అడుగుతానన్నారు.

16 జూన్

నేను లేదు అనలేదు. గుర్తున్నంతవరకు లేదు అన్నాను. రెండూ వేరు.

18 జూన్, ఆదివారం

నిబంధనావళి సంగతి. సుమిత్ర ఎత్తకముందే నేను రాసుకోవడం మంచిది.

జనవరిలోనే అది సొసైటీ కాగితాలు తయారుచేసింది. "ఏడుగురి సంతకాలు చాలు నాయినమ్మా. ఆశయాలు, నిబంధనలు రాసి జిల్లా రిజిస్ట్రారుకు ఇస్తే అయిపోతది," అంది. చదివి పెడతానన్నాను. మొదటి పేజీలోనే పదకొండు తప్పులు. ఎర్రసిరాతో దిద్ది ఇచ్చాను. తిరగరాసి తెచ్చింది. రెండోసారి వాక్యాలు బాగాలేవు. మూడోసారి కోశాధికారి విధులు కార్యదర్శి విధుల్లో కలిసిపోయాయి. నాలుగోసారి ఏం లోపమో ఇప్పుడు గుర్తులేదు. ఏదో ఉండే ఉంటుంది.

"రిజిస్ట్రారు గివన్నీ సదువడు నాయినమ్మా."

"చదివేవాడు చదవడని తప్పులు రాస్తారా?"

అలా మే వచ్చింది. మేలో ట్యాంకు పొంగింది.

తప్పులతో పంపి ఉంటే ఫిబ్రవరికల్లా సంఘం పుట్టేది. తప్పుల్లేకుండా పుట్టించాలనుకున్నాను, కాబట్టి పుట్టలేదు. నాలుగో ప్రతి ఇంకా నా బల్ల సొరుగులో ఉంది. దాని కింద ఇంకో కాగితం కూడా ఉంది, దాని గురించి ఇవాళ కాదు.

21 జూన్, బుధవారం

చిట్కుల్ వెళ్లాను, ఒంటరిగా. కంపెనీ కూలీలకు కట్టిన గదుల వరసలో నాలుగోది మొగులయ్యది. మంచం వాకిట్లోనే వేశారు. మోకాళ్ల కింద నుంచి గుడ్డలు చుట్టి ఉన్నాయి. వాటి మీద ఈగలు వాలకుండా భార్య బీరమ్మ అట్టముక్కతో విసురుతోంది. నేను ఎవరో చెప్పాను. గంట వాళ్ల మనిషినని చెప్పుకోవడం ఇంత కష్టంగా ఎప్పుడూ లేదు.

"మీ గంట మంచిదే అమ్మా," అన్నాడు మొగులయ్య. "మొదట్ల మంచిగనే మోగుతుండె. ఎనభై కాడ మోగితె పంపు బంద్ వెట్టాలె, పంపు బంద్ వెడితె మాల్ ఆగుతది. దినాం మూడు సార్లు ఆగవట్టె. షిఫ్టు ఇన్‌చార్జి పరేషాన్ అయ్యి తొంభై ఎనిమిదికి పెట్టిండు. నా ముంగట్నే పెట్టిండు."

"మరి తొంభై ఎనిమిదికి మోగిందా?"

"మోగింది. అప్పటికి నేను ట్యాంకు కిందనే ఉన్న."

లోగుట్టు విప్పి పెట్టిందే మార్చుకోడానికి కదా. మార్చుకున్నాడు.

"ఈ మాట ఎక్కడన్నా చెప్తవా?" అన్నాను.

నవ్వాడు. జవాబు బీరమ్మ చెప్పింది. "ఏడ జెప్పాలె అమ్మా? ఈయన కంపినీ మనిషే కాదంటున్నరు, గుత్తేదారు మనిషంటున్నరు. గుత్తేదారేమో తప్పు మిషిన్‌దంటున్నడు. మిషినోల్లు పైసలిస్తె అండ్లకెల్లి మీకిస్తం, కేసు తేలేదాంక ఆగుండ్రి అని కంపినీ సారు జెప్పిండు. మీరిస్తరా?"

అరటిపళ్లు మంచం కోడు దగ్గర పెట్టి వచ్చాను. బడికి వచ్చే ఇన్‌స్పెక్టరుకు ఇచ్చినట్టు అరటిపళ్లు.

22 జూన్, గురువారం

సరే. రాస్తాను.

ఫిబ్రవరి పద్నాలుగున ఖయ్యూం వచ్చాడు. "టీచరమ్మా, స్టోర్సోల్లు కాయితం లేంది సూది గూడ లోపటికి రానియ్యరు. గంట ఎవరిచ్చిన్రో ఒక లెటర్ గావాలంట. రెండు లైన్లు రాసియ్యండ్రి," అన్నాడు. వాడి తల్లి అక్తరీ బేగం నా దగ్గర ఎనిమిదో తరగతి చదివింది. తల్లి పిలిచినట్టే వాడూ నన్ను టీచరమ్మ అంటాడు. రెండు లైన్లు అడిగితే నేను రెండు లైన్లు రాసే మనిషినా? కార్బన్ పెట్టి పేజీ నిండా రాశాను. సొరుగులో ఉన్నది ఆ నకలు.

"పై ప్రోగ్రాంలో ఏ లోపము కనిపించినను, తద్వారా ఏ నష్టము వాటిల్లినను, పూర్తి పూచీ మా సంఘానిది. ఇట్లు, కమలాకుమారి, అధ్యక్షురాలు, గంట సొసైటీ."

లేని సొసైటీ. ఎవరూ ఎన్నుకోని అధ్యక్షురాలు.

ఎందుకు రాశానో తెలుసు. ఆ లైసెన్సులోని పెద్దక్షరాలు నాకు నచ్చలేదు. అన్నం వడ్డిస్తూ, కడుపునొప్పి వస్తే నాకు సంబంధం లేదని చుట్టం ముందు కేకలు వేసినట్టు ఉంది. ఇచ్చిన దానికి పూచీ పడని వాళ్లు ఇవ్వనే కూడదని మా ఇంట్లో నేర్పారు. సుమిత్రను అడగలేదు. అడిగితే వద్దనేది.

వెనకపేజీలో గమనిక ఒకటి రాశాను. ముప్పై ఏళ్లు ప్రశ్నపత్రాల వెనక గమనికలు రాసిన చెయ్యి. "హద్దు ఎనభై దాటించరాదు. దాటించినచో ట్యాంకు పొంగు ప్రమాదము కలదు. దాటించదలచినచో ముందుగా మాకు రాతపూర్వకముగా తెలుపవలెను."

అసలు ప్రతి కంపెనీ దగ్గర ఉంది. చూపించడం లేదెందుకో ఇన్నాళ్లు అర్థం కాలేదు. చిట్కుల్ వెళ్లివచ్చాక అర్థమైంది. ముందుపేజీ చూపిస్తే వెనకపేజీ చూపించాలి. ముందుపేజీ నన్ను ముంచుతుంది, వెనకపేజీ వాళ్లను.

ఖయ్యూం ఆ ఉత్తరాన్ని అంటించిన కవరులో పట్టుకెళ్లలేదు. నా ముందే రెండువైపులా చదివి, "మస్తు రాసిన్రు టీచరమ్మా," అన్నాడు. అంటే సంగారెడ్డిలో వకీలు అడిగినప్పుడు వాడికి తెలుసు. నా మొహం చూసి ఊరుకున్నాడు.

25 జూన్, ఆదివారం

అక్తరీ వచ్చింది. యాభై దాటింది, మోకాళ్ల నొప్పులు, అయినా నా ముందు కుర్చీలో కూర్చోదు. స్టూలు లాక్కుంది.

"పోరన్ని మల్ల ఠాణాకు పిలిచిన్రు టీచరమ్మా. మూడోసారి. పొద్దుగాల పోతె మాపటికి పంపిన్రు. కొట్టలేదంట. కూసోవెట్టిన్రంట. ఏం జెప్తలేడు, బువ్వ తింటలేడు."

"నెలాఖరుకు మన జవాబు పోతది అక్తరీ. ఓపిక పట్టు."

"పడుతున్న. మీరు ఏదో లెటర్ రాసిచ్చిన్రని అప్పుడు మురుసుకుంట చెప్పిండు. మా టీచరమ్మ రాసిందని. అండ్ల ఏమన్న పనికొచ్చేది ఉన్నదా అని అడిగిన. ఏం లేదమ్మీ, ఖాలీ సలామ్ రాసిన్రు అంటడు. ఉన్నదా టీచరమ్మా?"

"మామూలు లెటరే," అన్నాను.

తలూపింది. ఎనిమిదో తరగతిలో నేను ఏం చెప్పినా అలాగే తలూపేది. వెళ్తూ వెళ్తూ టీ గ్లాసు తనే కడిగి బోర్లించింది.

26 జూన్

వకీలుకు చెప్తే ఏమవుతుంది? ఖయ్యూం బయటపడతాడు, సుమిత్ర బయటపడుతుంది, మొగులయ్యకు సాక్ష్యం దొరుకుతుంది. ఇరవై రెండు లక్షల నోటీసులో "ఇతరులు" చెరిపి నా పేరు రాస్తారు. నాకున్నది ఇంద్రేశంలోని ఈ ఇల్లు. చుట్టూ జొన్న చేలు ఉన్న రోజుల్లో కట్టింది. ఇప్పుడు చేలన్నీ ప్లాట్లు, హద్దురాళ్లకు పచ్చరంగు. ఇక్కడ నీ ఇల్లు పోయిందంటే నువ్వు ఎక్కడ ఉండేదానివో చూపించడానికి చెట్టు కూడా మిగలదు.

ఇల్లు సుమిత్ర కోసం, నా కోసం కాదు.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను ఎంత బాగా రాయగలనో తెలియడానికి. నిజం ఒక్క మాట, భయం. అది రాయడానికి రెండు వారాలు పట్టింది.

27 జూన్

రేపు సంగారెడ్డి వెళ్తాను.

28 జూన్

వాన.

29 జూన్

ఆటో దొరకలేదు. ఒక్కటి దొరికింది, వాడు ఎక్కువ అడిగాడు.

30 జూన్, శుక్రవారం

వెళ్లాను. సుమిత్ర సెలవు పెట్టి వెంట వచ్చింది, ఏం చూపించబోతున్నానో దానికి చెప్పలేదు. రామలింగేశ్వరరావు గారి బల్ల మీద నకలు పెట్టాను. ముందుపేజీ చదువుతుంటే ఆయన మొహం వాడిపోయింది. వెనక్కి తిప్పి చదివి కళ్లజోడు తీశారు.

"ఇది పదిహేనో తారీఖున ఎందుకివ్వలేదమ్మా?"

"ఇవాళ ఇస్తున్న."

"ఎనభై దాటిస్తే ప్రమాదమని ఫిబ్రవరిలోనే వాళ్లకి రాసిచ్చారు. ఇంతకన్నా ఏం కావాలి? పూచీ మీ మెడకి చుట్టుకుంటుంది, అది వేరే. కానీ ఆ కుర్రాడు మాత్రం..." ఆగి, బల్ల మీద కాగితాల్లోంచి ఒకటి తీశారు. "పొద్దున వాళ్ల వకీలు పంపాడు. ఖయ్యూం నిన్న సాయంత్రం కంపెనీలో సంతకం పెట్టేశాడు. గంట బిగించేటప్పుడు పొరపాటున హద్దు తొంభై ఎనిమిది పెట్టింది తనేనని. వాళ్లు కేసు ఎత్తేస్తారు, సుమిత్ర గారి మీద క్లెయిమ్ వదులుకుంటారు. వీడు ఉద్యోగం మానెయ్యాలి, గంట జోలికి రాకూడదు."

"మరి ఈ కాయితం?"

"తప్పు నాదని మనిషే రాసిచ్చాక, కాదు నీది కాదని మనం ఎన్నేళ్లు పోట్లాడాలి?"

సుమిత్ర నకలు తీసుకొని రెండువైపులా చదివింది. బస్సు ఎక్కాం. ఇస్నాపూర్ చౌరస్తా దాటాక అంది, కిటికీ బయటికి చూస్తూ.

"నాలుగు నెలలు నీ ఎర్రసిరా కోసం ఆగినం నాయినమ్మా. గీ కాయితం మాత్రం ఒక్క దినంల రాసిచ్చినవు."

2 జులై, ఆదివారం

అక్తరీ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి నాకు కుర్చీ వేసింది, ఇవాళ తను స్టూలు లాక్కోలేదు. కూర్చున్నాక లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

ఖయ్యూం గడ్డం పెంచాడు. సంగారెడ్డి వెళ్లిననాడు లేదు.

"ఎందుకు సంతకం చేసినవ్?" అన్నాను.

"ఠాణాల లెటర్ సంగతి అడిగిన్రు టీచరమ్మా. స్టోర్స్ రిజిస్టర్ల పేరున్నదంట, కాయితం దొరుకుతలేదంట. అండ్ల ఏమున్నదో చెప్పమన్నరు. చెప్తె మీ ఇంటికొస్తరు."

"రానీ. నువ్వు చెప్పాల్సింది."

"మీది మీరు చెప్పాలె గద. సంగారెడ్డిల సారు అడిగిననాడు చెప్తరనుకున్న. ఆ ఎంబటి అమ్మీ మీ తానికొస్తె చెప్తరనుకున్న. పదిహేను రోజులు సూసిన. మీకు ఇష్టం లేదనుకొని..." చేతులు చూసుకున్నాడు. "పోనీయండ్రి. మీటర్ల పని ఏడనన్న దొరుకుతది."

దొరకదు. ట్యాంకు పొంగించినవాడని గడ్డపోతారంలో గేటు గేటుకూ తెలుసు. వాడికీ తెలుసు.

సంతకం చేసిన కాగితం చూపించమన్నాను. ఎవరో కంపెనీ గుమాస్తా తెలుగులో రాశాడు. ఒక్క పేజీలో నాలుగు తప్పులు. చదువుతుండగానే నా చెయ్యి సంచిలోకి వెళ్లి ఎర్రపెన్ను తీసింది. ఖయ్యూం చూశాడు. మూత పెట్టి మళ్లీ సంచిలో వేశాను.

10 జులై, సోమవారం

వకీలు వద్దన్నారు. రెండు పేజీలూ జిరాక్స్ తీయించి, ఇది నేనే రాసిచ్చానని, పూచీ పడ్డది నేనేనని, హద్దు మార్చింది ఖయ్యూం కాదని కింద రాసి, సంతకం పెట్టి, మొగులయ్య పరిహారం కోసమని సంగారెడ్డి లేబర్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకో ప్రతి బీరమ్మ చేతికే ఇచ్చాను. మడిచి కొంగున కట్టుకుంది.

"ఇది జూపిస్తె ఇస్తరా అమ్మా?"

"ఏమో," అన్నాను. ఈ మధ్య నేను చెప్పిన మాటల్లో ఇదొక్కటే నిజం.

13 జులై

అక్నాలెడ్జ్‌మెంటు రాలేదు. కంపెనీ నుంచి నా పేరు మీద నోటీసూ రాలేదు. రావాలని ఎదురుచూస్తున్నాను. పోస్ట్‌మన్ వస్తే ఈసారి నా సంతకం చెల్లుతుంది.

16 జులై, ఆదివారం

సుమిత్ర సొసైటీ కాగితాలు నా బల్ల మీద పెట్టింది. నాలుగో ప్రతిని నేను దిద్దినట్టే అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది. ఇంకెవరి ఇంటికీ నోటీసు పోకూడదట. ఇంకో మూడు కంపెనీలు కూడా మన గంటను తీసుకున్నాయట. ఎవరో చెబితే తెలిసింది. ఊరికే ఇచ్చింది ఎక్కడెక్కడ మోగుతోందో ఇచ్చినవాళ్లకు తెలియదు.

"సంతకం వెట్టు," అంది. పక్కన కూర్చోలేదు, నిలబడే ఉంది.

చివరి పేజీలో దాని సంతకం ఉంది. నలుగురు స్నేహితులవీ ఉన్నాయి. రెండు గడులు ఖాళీ. ఒకదానిలో నాది పెట్టాను.

"ఇంకోటి?" అన్నాను.

కాగితం తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. కొంతసేపటికి తెచ్చి మళ్లీ నా బల్ల మీదే పెట్టింది. ఇంకో మనిషి దొరికేదాకా నా సొరుగులోనే ఉంటుందట, అలవాటైన చోటే కదా అంది.

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఒక్క తప్పు లేదు. సంతకాలు ఆరు.